ఒకే ట్యూను, రెండు వేగాలు

ఒక ఆల్బమ్‌లో ఒకే ట్యూన్‌ని రెండుసార్లు పెట్టడం మామూలుగా చూడం. రీమిక్స్ అనో బోనస్ ట్రాక్ అనో చివర్లో ఒకటి తగిలిస్తారు, అంతే. కానీ 1980లో అమెరికాలో వచ్చిన 'ఫన్ అండ్ గేమ్స్' అనే జాజ్ ఆల్బమ్‌లో ఒక ట్రాక్ పేరు 'గివ్ ఇట్ ఆల్ యూ గాట్', ఇంకో ట్రాక్ పేరు 'గివ్ ఇట్ ఆల్ యూ గాట్, బట్ స్లోలీ'. అంటే నీ దగ్గరున్న శక్తంతా పెట్టెయ్ అని ఒకటి, శక్తంతా పెట్టెయ్ కానీ నెమ్మదిగా అని ఇంకొకటి. రెండింట్లోనూ ట్యూను అదే. మారింది వేగం.

ఈ ట్యూను పుట్టింది 1980 వింటర్ ఒలింపిక్స్ కోసం. మంచు కొండలు, స్కీయింగ్, స్కేటింగ్, ఐస్ హాకీ. వాటిని టీవీలో చూపించేటప్పుడు వెనక వినిపించడానికి రాయించుకున్న సంగీతం ఇది. మా క్లబ్ పత్రికలో కవితల గురించి, కథల గురించి చాలా వచ్చాయి. సంగీతం ఎలా వినాలి అనే పాఠం ఈసారి నేను రాస్తున్నాను. ఇందులో మనం తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటే: నున్నగా జారిపోయే సంగీతం తేలిక సంగీతమేనా?

ఈ ప్రశ్న ఎందుకంటే, ఇలాంటి సంగీతాన్ని ఇప్పుడు 'స్మూత్ జాజ్' అంటారు. ఆ మాటని చాలామంది మెచ్చుకోలుగా వాడరు. "వినడానికి బాగుంటుంది, కానీ అందులో ఏం లేదు" అనే అర్థంలో వాడతారు. ఈ ట్యూను నా రూములో ప్లే అవుతుంటే మా పక్క రూము ఫ్రెండ్ విని, "ఇది లిఫ్టులో వేసే మ్యూజిక్ కదరా" అన్నాడు. వాడి మాటలో కొంత నిజం ఉంది. ఇలాంటి ట్యూన్లు హోటల్ లాబీల్లో, ఫోన్ హోల్డ్‌లో పెట్టినప్పుడు నిజంగానే వినిపిస్తాయి. కానీ ఎక్కడ వినిపిస్తుంది అన్నది ఒక సంగతి, ఎలా తయారైంది అన్నది ఇంకో సంగతి. మనం రెండోది చూద్దాం.

ఎవరు చేశారు?

ఈ ఆల్బమ్ చేసినాయన చక్ మాంజియోనీ. 1940 నవంబర్ 29న న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో పుట్టాడు. అన్న గ్యాప్ మాంజియోనీ పియానో వాయించేవాడు. ఇద్దరూ కలిసి 'జాజ్ బ్రదర్స్' అనే పేరుతో బ్యాండ్ నడిపారు. జాజ్‌లో మహామహుడైన ట్రంపెట్ విద్వాంసుడు డిజ్జీ గిలెస్పీ వాళ్ళ కుటుంబానికి స్నేహితుడు. చక్ తర్వాత వాళ్ళ ఊళ్ళోనే ఉన్న ఈస్ట్‌మన్ స్కూల్ ఆఫ్ మ్యూజిక్‌లో చదువుకున్నాడు. కొన్నేళ్ళకి అక్కడే జాజ్ బృందానికి పాఠాలు కూడా చెప్పాడు.

మధ్యలో 1960ల నడుమ ఆయన ఆర్ట్ బ్లేకీ నడిపే 'జాజ్ మెసెంజర్స్' బ్యాండ్‌లో ట్రంపెట్ వాయించాడు. దీన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది. ఆ బ్యాండ్‌లో ట్రంపెట్ కుర్చీ అంటే చిన్న విషయం కాదు. అంతకుముందు ఆ కుర్చీలో లీ మోర్గన్, ఫ్రెడ్డీ హబ్బర్డ్ లాంటి వాళ్ళు కూర్చున్నారు. వేగం, బలం, అప్పటికప్పుడు కల్పించే తెలివి ఉంటే తప్ప బ్లేకీ డ్రమ్స్ ముందు నిలబడలేరు. అంటే మాంజియోనీకి కష్టమైన సంగీతం వాయించడం రాక తేలికదాన్ని ఎంచుకోలేదు.

1977లో ఆయన 'ఫీల్స్ సో గుడ్' ఆల్బమ్ వచ్చింది. కవర్ మీద టోపీ పెట్టుకుని, తన వాద్యాన్ని చంటిపిల్లని హత్తుకున్నట్టు హత్తుకుని నవ్వుతూ ఉంటాడు. ఆ టైటిల్ ట్యూను 1978లో అమెరికా పాప్ చార్టులో 4వ స్థానం దాకా వెళ్ళింది. మాటల్లేని వాద్య సంగీతం సినిమా పాటలా జనంలోకి వెళ్ళడం అక్కడ కూడా అరుదే. ఇంత పేరొచ్చాక ఏబీసీ టీవీ స్పోర్ట్స్ వాళ్ళు వింటర్ ఒలింపిక్స్‌కి సంగీతం కావాలని ఆయన్ని అడగడంలో ఆశ్చర్యం లేదు. అంతకుముందు 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ అప్పుడు కూడా ఆయన 'చేజ్ ది క్లౌడ్స్ అవే' వినిపించింది. ఈసారి ఆటలు జరిగేది లేక్ ప్లాసిడ్‌లో. అది కూడా న్యూయార్క్ రాష్ట్రమే, అంటే ఆయన సొంత రాష్ట్రం.

'గివ్ ఇట్ ఆల్ యూ గాట్' పాప్ చార్టులో 18వ స్థానానికి చేరింది. ఒలింపిక్స్ ముగింపు వేడుకలో మాంజియోనీ స్వయంగా దాన్ని వాయించాడు. ఆయన 2025 జులై 22న, 84 ఏళ్ళ వయసులో, పుట్టిన ఊళ్ళోనే చనిపోయాడు.

ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను. ఆల్బమ్ మొత్తం మంచు కొండల గురించే అనుకోకండి. అందులో 'పీన్యా కొలాడా' అనే ట్రాక్ కూడా ఉంది. అది వెచ్చటి సముద్రపు ఒడ్డున తాగే డ్రింకు పేరు. మనకి కావల్సింది ఆ ఒక్క ట్యూను, దాని రెండు రూపాలు. ఇంకోటి, 1980 నాటికి 'స్మూత్ జాజ్' అనే పేరు వాడుకలో లేదు. ఆ పేరు అమెరికన్ రేడియోలో 1980ల చివర్లో స్థిరపడింది. పేరు తర్వాత వచ్చింది, సంగీతం ముందే ఉంది.

ఆ వాద్యం ఏమిటి?

మాంజియోనీ వాయించేది ఫ్లూగల్‌హార్న్. ఫొటో చూస్తే ట్రంపెట్ అనుకుంటాం. కాస్త లావుగా, బొద్దుగా ఉంటుంది. మూడు మీటలు ఉంటాయి, వేళ్ళు పెట్టే పద్ధతీ అదే. మామూలు ట్రంపెట్‌లో, ఇందులో గొట్టం పొడవు కూడా ఇంచుమించు ఒకటే. మరి తేడా ఎక్కడ?

తేడా గొట్టం ఆకారంలో ఉంది. ట్రంపెట్ గొట్టం చాలా దూరం ఒకే వెడల్పుతో, పైపులాగా వెళ్ళి, చివర్లో విచ్చుకుంటుంది. ఫ్లూగల్‌హార్న్ గొట్టం చాలావరకు కొద్దికొద్దిగా వెడల్పవుతూ, గరాటు సాగదీసినట్టు ఉంటుంది. ఊదే చోట ఉండే మౌత్‌పీస్ కూడా లోతుగా ఉంటుంది. ఫిజిక్స్‌లో మనం చదివిన హార్మోనిక్స్ గుర్తున్నాయా? ఏ స్వరం వాయించినా దానితో పాటు పైన ఇంకొన్ని స్వరాలు సన్నగా మోగుతుంటాయి. ట్రంపెట్‌లో ఆ పై హార్మోనిక్స్ గట్టిగా వస్తాయి, అందుకే అది మెరిసినట్టు, కోసినట్టు వినిపిస్తుంది. ఫ్లూగల్‌హార్న్‌లో అవి తగ్గిపోతాయి. శబ్దం గుండ్రంగా, మెత్తగా, కాస్త ఊపిరి కలిసినట్టు వస్తుంది.

అయితే ఈ మెత్తదనం ఊరికే రాదు. ట్రంపెట్ స్వరం మొదలు పదునుగా ఉంటుంది కాబట్టి ఎక్కడ మొదలైందో వినేవాళ్ళకి వెంటనే తెలుస్తుంది. ఫ్లూగల్‌హార్న్‌లో ఆ పదును తక్కువ. తాళంలో కచ్చితంగా పడాలంటే వాయించేవాడే జాగ్రత్త పడాలి. శ్రుతి కూడా అంతే, పెదాలతో, చెవితో నిలబెట్టుకోవాలి. పైగా పెద్ద పెద్ద స్వరాలు పట్టుకుంటే ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో తెలియకూడదు. నున్నగా వినిపించడం అనేది ఈ వాద్యంలో ప్రతి ఊపిరికీ చేసే పని.

స్కీయింగ్‌లో అసలు పని ఏది?

మనలో చాలామంది స్కీయింగ్ చూసింది సినిమాల్లో, రీల్స్‌లో. తెల్లటి కొండ మీంచి మనిషి అలా జారుకుంటూ వస్తాడు. కొండే లాగుతోంది కదా, మనిషి చేసేదేముంది అనిపిస్తుంది. లెక్క వేద్దాం.

స్లాలమ్ అనే పోటీ తీసుకోండి. కొండ వాలు మీద జెండా కర్రల జతలు పాతి ఉంటాయి, వాటిని గేట్లు అంటారు. ఒక్కటి కూడా వదలకుండా అటూ ఇటూ తిరుగుతూ కిందికి రావాలి. రెండు రన్‌లు, రెండింటి టైమూ కలుపుతారు. ఇప్పటి పెద్ద పోటీల్లో మగవాళ్ళ స్లాలమ్‌కి మొదటి నుంచి చివరికి ఎత్తు తేడా దాదాపు 200 మీటర్లు. రాపిడి, గాలి ఏమీ లేవనుకుంటే, ఇంటర్‌లో చదివిన ఫార్ములా ప్రకారం 200 మీటర్లు దిగేసరికి వేగం గంటకు సుమారు 225 కిలోమీటర్లు రావాలి. స్లాలమ్ రేసర్ సగటు వేగం మాత్రం గంటకు 40 కిలోమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. మరి మిగతా శక్తంతా ఎక్కడికి పోయింది?

ఎక్కువ భాగం మలుపుల్లో పోయింది. స్కీ అంచుని మంచులోకి దింపి, ఒరుచుకుంటూ తిరిగిన ప్రతిసారీ కొంత శక్తి మంచులోకి పోతుంది. కొంత గాలి తినేస్తుంది. అంటే వేగం ఇవ్వడం కొండ పని. ఆ వేగాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ దాచుకోవాలి అన్నది మనిషి పని. మలుపులో బరువంతా దాదాపు బయటి కాలు మీద పడుతుంది. మలుపు అయిపోగానే అది రెండో కాలికి మారాలి. ఈ మార్పు ఆలస్యమైతే తర్వాతి గేటుకి లైను తప్పుతుంది.

ఇప్పుడు అసలు విషయం. మంచి స్కీయర్‌ని నడుము నుంచి పైకి మాత్రమే చూడండి. తల కదలదు, భుజాలు దాదాపు కిందికే తిరిగి ఉంటాయి, చేతులు ముందు నిలకడగా ఉంటాయి. నడుము నుంచి కిందికి చూడండి. మోకాళ్ళు, చీలమండలు, స్కీలు అటూ ఇటూ ఆగకుండా పనిచేస్తుంటాయి. స్కీయింగ్ నేర్పేవాళ్ళు పై శరీరం నిశ్శబ్దంగా ఉండాలని చెప్తారు. కింద జరుగుతున్న గొడవంతా కింద ఆగిపోవాలి, పైకి రాకూడదు. దూరం నుంచి చూసే మనకి కనిపించేది ఆ నిశ్శబ్దమే. అందుకే తేలిగ్గా అనిపిస్తుంది.

ఆ ఏడాది ఆ కొండ మీద

లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్ 1980 ఫిబ్రవరి 13 నుంచి 24 దాకా జరిగాయి. కొండ స్కీయింగ్ పోటీలు పెట్టింది అడిరాండక్ పర్వతాల్లోని వైట్‌ఫేస్ అనే కొండ మీద. దాని ఎత్తు 4,867 అడుగులు. ఒలింపిక్స్‌లో కృత్రిమంగా చేసిన మంచు వాడటం అక్కడే మొదలు.

మగవాళ్ళ స్లాలమ్, జెయింట్ స్లాలమ్ రెండింట్లోనూ స్వర్ణం గెలిచింది స్వీడన్‌కి చెందిన ఇంగెమార్ స్టెన్‌మార్క్. పెద్దగా మాట్లాడని మనిషి. ఆయన కొండ దిగుతుంటే అంత తొందరలో ఉన్నట్టే కనిపించేవాడు కాదు. కానీ ప్రపంచ కప్ పోటీల్లో ఆయన మొత్తం గెలుపులు 86. ఆ రికార్డుని 2023 మార్చిలో మికేలా షిఫ్రిన్ దాటేదాకా ఎవరూ అందుకోలేకపోయారు. లేక్ ప్లాసిడ్‌కి కేవలం ఐదు నెలల ముందు, 1979 సెప్టెంబర్‌లో, డౌన్‌హిల్ ప్రాక్టీసులో ఆయన ఘోరంగా పడి తలకి దెబ్బ తగిలించుకున్నాడు. టీవీలో ఆ మలుపులు చూసినవాళ్ళకి అదేమీ కనిపించదు.

స్లాలమ్‌లో రెండో స్థానం అమెరికన్ ఫిల్ మేర్‌ది. మొదటి రన్ అయ్యేసరికి ముందున్నది మేరే. రెండో రన్‌లో స్టెన్‌మార్క్ దాటేసి, మొత్తం మీద అర సెకను తేడాతో గెలిచాడు. మేర్ కథ ఇంకా వినాలి. 1979 మార్చిలో, ఇదే వైట్‌ఫేస్ మీద, ఒలింపిక్స్‌కి ముందు జరిగిన పోటీలో ఆయన చీలమండ విరిగింది. లోపల లోహపు ప్లేటు, స్క్రూలు పెట్టి అతికించారు. ఏడాది కూడా తిరక్కుండా అదే కొండకి వచ్చి, అదే కాలు మీద బరువు మార్చుకుంటూ రజతం తీసుకున్నాడు.

ఆడవాళ్ళలో చిన్న దేశం లీఖ్టెన్‌స్టయిన్ నుంచి వచ్చిన హానీ వెంజెల్ స్లాలమ్, జెయింట్ స్లాలమ్ రెండూ గెలిచి, డౌన్‌హిల్‌లో రజతం కూడా తీసుకుంది. ఆ దేశానికి అవే మొదటి ఒలింపిక్ స్వర్ణాలు.

ఇవన్నీ చూపించే టీవీకి ట్యూను కావాలంటే చాలామంది ఏం చేస్తారు? బాకాలు, నగారాలు, యుద్ధానికి వెళ్తున్నట్టు వాయిస్తారు. మాంజియోనీ అలా చెయ్యలేదు. మెత్తటి ఫ్లూగల్‌హార్న్‌తో పాడుకోదగ్గ ట్యూను ఇచ్చాడు. పేరు మాత్రం 'శక్తంతా పెట్టెయ్' అని పెట్టాడు. ఆ పేరుకీ ఆ శబ్దానికీ మధ్య ఉన్న తేడానే మన పాఠం.

రెండు అంతస్తులు

ఇప్పుడు ట్యూను వినండి. జాగ్రత్తగా వింటే అది రెండు అంతస్తుల ఇల్లు.

కింది అంతస్తులో డ్రమ్స్, బాస్ గిటార్, గిటార్, కీబోర్డు. వీళ్ళకి క్షణం ఖాళీ లేదు. బీటుకీ బీటుకీ మధ్య కూడా చిన్న చిన్న దెబ్బలు, బాస్ గెంతులు, గిటార్ తునకలు. ప్రతి వాద్యం ఇంకో వాద్యం వదిలిన ఖాళీలో పడుతుంది. దాంతో ముందుకు తోస్తున్నట్టు ఉంటుంది. వాలు ఇచ్చేది వీళ్ళే.

పై అంతస్తులో ఫ్లూగల్‌హార్న్. దాని వాక్యాలు పొడవు. ఒక స్వరం పట్టుకుని, కింద అంత హడావుడి జరుగుతుంటే దాని మీద అలా నిలబడి, తీరిగ్గా తర్వాతి స్వరానికి వెళ్తుంది. భుజాలు కదలని స్కీయర్ లాగ.

మనకి తెలిసిన సంగీతంలో దీనికి దగ్గర పోలిక కావాలంటే పెళ్ళిలో సన్నాయి మేళం వినండి. డోలు ఎంత వేగంగా మోగుతున్నా సన్నాయి ఒక రాగాన్ని సాగదీసి నింపాదిగా తీసుకెళ్తుంది. డోలు లేకుండా ఆ సన్నాయి వింటే వేరే భావం వస్తుంది. సన్నాయి లేకుండా డోలు వింటే హడావుడి మాత్రమే మిగులుతుంది. జారుతున్న భావన ఆ రెండింటి మధ్య ఉన్న దూరంలోంచి పుడుతుంది.

కాబట్టి నా వాదన ఇది: 'స్మూత్' అంటే పని తక్కువ ఉండటం కాదు. పనిని కింది అంతస్తులో ఉంచి పైకి పొక్కనివ్వకపోవడం. మన సబ్జెక్టులో దీనికి పేరుంది కదా, అబ్‌స్ట్రాక్షన్. మంచి ఇంటర్‌ఫేస్‌లో ఒక బటన్ నొక్కుతాం, పని అయిపోతుంది. లోపల ఎన్ని ఫంక్షన్లు ఒకదాన్నొకటి పిలుచుకున్నాయో మనకి కనబడదు. కనబడలేదు కాబట్టి లోపల ఏమీ లేదని ఏ ప్రోగ్రామరూ అనడు.

వేగం తీసేస్తే?

ఇక్కడ ఒకరు అడగొచ్చు. "ఇదంతా నువ్వు కల్పించుకున్నది. ట్యూను ఫాస్ట్‌గా ఉంది, అందుకే జారినట్టు ఉంది, అంతే." సరైన ప్రశ్నే. దీనికి ప్రయోగం చెయ్యాలంటే, మిగతాదంతా అలాగే ఉంచి వేగం ఒక్కటే మార్చి చూడాలి. మాంజియోనీ ఆ ప్రయోగం తనే చేసి పెట్టాడు. అదే 'బట్ స్లోలీ'.

యాప్‌లో ప్లేబ్యాక్ స్పీడ్ తగ్గించినట్టు కాదిది. అలా తగ్గిస్తే స్వరాలన్నీ సాగి ముద్దయిపోతాయి. ఇక్కడ మనుషులు మళ్ళీ కూర్చుని అదే ట్యూన్‌ని నెమ్మదిగా వాయించారు. నెమ్మదిగా వాయించేటప్పుడు కింది అంతస్తు తోపు తగ్గిపోతుంది. కొండ వాలు తగ్గినట్టన్నమాట. ఇప్పుడు ట్యూన్‌ని ముందుకి తీసుకెళ్ళే బాధ్యత ఎక్కువగా ఫ్లూగల్‌హార్న్ మీదే పడుతుంది. ప్రతి స్వరం మొదలు, నడుమ, చివర అన్నీ వినిపిస్తాయి. ఊపిరి వణికితే తెలిసిపోతుంది. దాక్కోవడానికి చోటు లేదు.

స్కూల్లో స్లో సైకిల్ రేసు ఆడినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. సైకిల్ వేగంగా తొక్కితే అదే నిలబడుతుంది. కాలు కింద పెట్టకుండా అందరికంటే నెమ్మదిగా వెళ్ళాలంటే హ్యాండిల్, నడుము, పెడల్ అన్నీ ప్రతి క్షణం సర్దుకోవాలి. చూసేవాళ్ళకి మాత్రం సైకిల్ దాదాపు ఆగినట్టే ఉంటుంది. కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలతో సరళీ స్వరాలు మొదటి కాలంలో, రెండో కాలంలో, మూడో కాలంలో పాడిస్తారు. మా చెల్లి నేర్చుకునేటప్పుడు ఇంట్లో వినేవాణ్ణి. మూడో కాలంలో గబగబా పాడేస్తే శ్రుతి ఎక్కడ పక్కకి పోయిందో మాకెవరికీ తెలిసేది కాదు. మొదటి కాలంలో ప్రతి స్వరం దగ్గరా వాళ్ళ టీచర్ ఆపేవారు.

స్లో ట్రాక్ విన్నాక నాకు తోచింది ఏంటంటే, జారడం ఇంకా ఉంది. వేగం పోయినా అది పోలేదు. ఎందుకంటే స్వరానికీ స్వరానికీ మధ్య అతుకు కనబడకుండా కలపడం అలాగే ఉంది. స్కీయర్ ఒక మలుపు నుంచి ఇంకో మలుపుకి బరువు మార్చే ఆ క్షణం లాంటిదే ఇదీ. జారడం అనే భావన ఆ అతుకులో ఉంటుంది. ఫాస్ట్ ట్రాక్‌లో కొండ కూడా సాయం చేసింది కాబట్టి అది మనకి కనబడలేదు, అంతే.

ఎదుటివాళ్ళ వాదన కూడా వినాలి

స్మూత్ జాజ్‌ని ఇష్టపడనివాళ్ళ మాట పూర్తిగా కొట్టిపారెయ్యడం న్యాయం కాదు. జాజ్‌కి ప్రాణం అప్పటికప్పుడు కల్పించడం. ముందు ట్యూను వాయిస్తారు, తర్వాత ఒక్కొక్కరూ దాని మీద సొంతంగా అల్లుతారు, మళ్ళీ ట్యూనుకి వస్తారు. మధ్యలో ఏం జరుగుతుందో వాయించేవాళ్ళకే తెలియదు. ఆ ప్రమాదమే అందం. స్మూత్ జాజ్‌గా రేడియోలో స్థిరపడిన దాంట్లో చాలా భాగం ఆ ప్రమాదాన్ని తగ్గించేసింది. బీటు మారదు, సోలోలు చిన్నవి, ట్యూను పదే పదే వస్తుంది. పడే అవకాశమే లేని వాలు మీద జారడం స్కీయింగ్ అవుతుందా అని వాళ్ళు అడుగుతారు.

ఈ ప్రశ్నకి నా దగ్గర సగం జవాబే ఉంది. పై శరీరం కదలకపోవడం రెండు రకాలుగా కుదురుతుంది. కింద అంతా సర్దుకుంటూ ఉండటం వల్ల ఒకటి. అసలు కొండ మీదే లేకుండా చదును నేల మీద నిలబడటం వల్ల ఇంకొకటి. ఫొటోలో రెండూ ఒకేలా పడతాయి. స్మూత్ జాజ్‌లో రెండో రకం ట్రాకులు చాలానే ఉన్నాయి, వాటిని నేను వెనకేసుకురాను. బ్లేకీ డ్రమ్స్ ముందు నిలబడి వచ్చిన మాంజియోనీ ఈ ట్యూనులో చేసింది మొదటి రకం. తేడా తెలుసుకోవాలంటే ఆ జాతి పేరు చూస్తే సరిపోదు, కింది అంతస్తు వినాలి.

ఇది సంగీతానికే పరిమితం అనుకోను. క్లాసులో ఒకమ్మాయి బోర్డు ముందుకెళ్ళి ప్రూఫ్‌ని నాలుగు లైన్లలో రాసేస్తే "తనకేంటి, ఈజీ" అంటాం. చదవగానే అర్థమైపోయే కథని "సింపుల్‌గా ఉంది" అని పక్కన పెట్టి, నిఘంటువు తియ్యాల్సొచ్చిన కవితకి బహుమతి ఇస్తాం. మా క్లబ్ పోటీల్లో జడ్జీలుగా కూర్చునే మనకే ఈ అలవాటు ఉంది. చెమట కనబడితేనే కష్టం అని లెక్కేస్తే, చెమట కనబడకుండా చెయ్యడానికి ఇంకా ఎక్కువ కష్టపడినవాళ్ళకి మార్కులు పడవు. ఇంగ్లీష్ మీడియంలో చదువుకుని తెలుగులో రాయడానికి కూర్చున్నప్పుడు నాకిది రోజూ తెలుస్తోంది. పెద్ద పెద్ద మాటలు పేర్చడం నాకు సులువు. అమ్మ మాట్లాడినంత మామూలుగా ఒక్క వాక్యం రాయడానికి పది సార్లు కొట్టేస్తాను.

మీరు చెయ్యాల్సింది

పాఠం అన్నాక హోంవర్క్ ఉండాలి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, వేరే పని పెట్టుకోకండి. మొత్తం అరగంట చాలు.

మొదటిసారి 'గివ్ ఇట్ ఆల్ యూ గాట్' వినేటప్పుడు ఫ్లూగల్‌హార్న్‌ని వదిలెయ్యండి. బాస్ ఒక్కటే పట్టుకోండి. ఎక్కడ గెంతుతోంది, ఎక్కడ ఆగుతోంది చూడండి. దొరక్కపోతే చేత్తో బెంచీ మీద తాళం వేస్తూ వినండి, దొరుకుతుంది.

రెండోసారి ఫ్లూగల్‌హార్న్ మాత్రమే. మాంజియోనీ ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో కనుక్కోండి. మీరు కూడా ఆ వాక్యాన్ని ఒకే ఊపిరిలో హమ్ చేసి చూడండి. ఎంత పొడవో అప్పుడు తెలుస్తుంది.

మూడోసారి 'బట్ స్లోలీ'. ఇందులో స్వరాన్ని కాకుండా, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వెళ్ళే చోటు వినండి.

ఆ తర్వాత స్టెన్‌మార్క్ పాత వీడియో ఏదైనా దొరికితే శబ్దం ఆపేసి, మొదట నడుము పై భాగం, తర్వాత మోకాళ్ళు చూడండి. ఈ నాలుగూ అయ్యాక మీ ప్లేలిస్టులో 'స్టడీ' అనో 'స్లీప్' అనో పేరు పెట్టి ఏళ్ళ తరబడి వెనక మోగిస్తున్న ట్రాకుల్లో ఒకదాన్ని తీసి ఇలాగే మూడుసార్లు వినండి. కింది అంతస్తులో మనుషులు ఉన్నారో, ఖాళీగా ఉందో మీరే చెప్పగలరు. ఉంటే ఆ ట్రాక్ పేరు క్లబ్ గ్రూపులో పెట్టండి. వచ్చే నెల మీటింగ్‌లో అందరం కలిసి విందాం.